ఫైన్

మనామాల, పదకొండో అంతస్తుల,
చాయ్ కెటిల్ పక్కన నా కొలువు.
పేరు గంగరాజం. ఇక్కడోళ్లకు నోరు తిరుగక
రాజ్ అన్నరు. కప్పులు కడిగే రాజును.

మొదటి వారం లిఫ్టుల గ్రాహం సార్
"హౌ ఆర్ యూ, రాజ్?" అన్నడు.
ఇంత పెద్దమనిషి అడిగిండు గదా అని
నాకొచ్చిన నాలుగు మాటలు పోగుజేసి
మోకాలు కాడికెల్లి చెప్పుడు షురూ చేసిన.
మోకాలును ఇంగ్లీషుల నీ అంటరట,
"నీ పెయిన్ సార్, లెఫ్ట్ సైడ్,
రూమ్ ఏసీ డెడ్ సార్, ఎయిట్ పీపుల్..."
ఐదో అంతస్తుకే ఆయన చూపు అంకెల మీదికి వోయింది.
తలుపు తెరుచుకున్నదో లేదో
బడి ఇడిసిన పోరని లెక్క ఉరికిండు.

రాత్రి రాజలింగు నవ్వి నవ్వి
చపాతి పిండి మీద వడ్డడు.
"వాళ్లు అడుగరు బావా, అంటరు అంతే.
మనం దగ్గుకుంట ఇంట్లకు వచ్చినట్టు,
మనిషి ఉన్నడని ఎరుక చేసుడు.
ఫైన్ అను. థాంక్యూ అను. ఆగకు, నడువు."

ఫైన్!
నాకెరుకైన ఫైన్ వేరు.
సీపీఆర్ తారీఖు దాటితే పడేది.
ఖల్లివెల్లి అయిన మా ఐలయ్యను
తమ్ముని పెండ్లికి గూడ పోనియ్యంది.
ఆ మాటనే నోట్లె వెట్టుకొని
నవ్వుమంటున్నడు వీడు.

అయినా నేర్చుకున్న,
స్టీలు కెటిల్ల మొఖం జూసుకుంట.
గుడ్ మార్నింగ్ ఆయుష్షు పగటీలి పన్నెండు దాకనే.
నైస్ టు మీట్ యూ మనిషికి ఒక్కసారే,
రోజూ అంటే మొఖం మరిచినవనుకుంటరు.
గుడ్ నైట్ వచ్చినప్పుడు కాదు, పోయేటప్పుడు.
ఇది తెలువక ఒక మునిమాపు
ఇద్దరు గెస్టులను గడపల్నే సాగనంపిన.
ఎండ ముచ్చటకైతే వేళాపాళా లేదు:
"వెరీ హాట్ టుడే, సార్."
నిన్న హాటే. రేపు హాటే.
ఏసీల కూసున్న సార్లు అవునవునని తల ఊపుతరు.
అద్దం అవతల, తాడుకు వేలాడుకుంట
కిటికీ తుడిచే పిలగాడు
ఆ ముచ్చట్ల కలువడు.

ఏడాదికి నా ఇంగ్లీషు
వాళ్లకు నచ్చే చాయ్ లెక్క కుదిరింది:
వేడి ఉండాలె, చక్కెర తక్కువ,
కప్పు నిండ పొయ్యొద్దు.

రిసెప్షన్ల మారిసెల్, ఫిలిప్పీన్స్ పిల్ల.
ఒకనాడు కండ్లు ఉబ్బి వచ్చింది.
వచ్చినోడల్లా హౌ ఆర్ యూ,
ఆమె ఫైన్, ఫైన్, ఫైన్ అనుకుంట,
బస్సుల టికెట్లు చింపి ఇచ్చినట్టు.
నేను కప్పు వెట్టి, రాజలింగు పాఠం మరిచి,
మా అవ్వ వాకిట్లకు వచ్చినోళ్లను అడిగే మాట
ఉన్నదున్నట్టు ఇంగ్లీషుల వెట్టిన:
"యూ ఈట్?"
ఫోన్ మోగుతనే ఉన్నది. ఎత్తలేదు.
"నాట్ యెట్, కుయా," అన్నది.
వాళ్ల దిక్కు గూడ ఇట్లనే అడుగుతరట.
ఇంకేం చెప్పలేదు. నేనూ అడుగలేదు.
నా డబ్బాలకెల్లి ఒక చపాతి చుట్టి
ఆమె బల్ల మీద వెట్టి
మూడో నంబరు మీటింగుకు నీళ్లు తీస్కవోయిన.

శుక్రారం నర్సవ్వ ఫోను.
మొగులు వట్టిందట, కార్ఖానల ఆకు సరిగ ఇస్తలేరట,
చిన్నదాని పన్ను ఊడిందట.
"నువ్వెట్లున్నవ్?" అన్నది.
నోటికి అలవాటు గదా, జారింది:
"ఫైన్."

అటు దిక్కు
బీడీల కత్తెర కింద వెట్టిన సప్పుడు.
"ఎంత?" అన్నది.
"ఎంతేసిండ్రు? ఎప్పటిదాక కట్టాలె?"

నవ్వొచ్చింది. నవ్వలే.
ఆమె ఆగింది. చెప్పేదాక ఆగేటట్టే ఉన్నది.
గోడకు ఒరిగి, కాలు చాపుకొని,
మోకాలు కాడికెల్లి మొదలువెట్టిన.